టాక్ బాగుంటే చూద్దాం

విశ్వనాథ్ గారి చివరి సినిమా పేరు చెప్పండి.

శంకరాభరణం కాదు. సాగరసంగమం కాదు. స్వాతిముత్యం అంతకంటే కాదు. దర్శకుడి కుర్చీలో ఆయన ఆఖరుసారి కూర్చున్న సినిమా ఏది?

ఫోన్ తీయకండి. కాపీ కొట్టొద్దు.

తెలీదు కదూ?

శుభప్రదం. 2010లో వచ్చింది. అల్లరి నరేశ్ హీరో, మణిశర్మ సంగీతం. వచ్చింది, వెళ్లిపోయింది. మీరు వెళ్లలేదు. ఆ తర్వాత ఆయన పన్నెండేళ్లకు పైగా మన మధ్యే ఉన్నారు. ఇంకో సినిమా తీయలేదు. ఫాల్కే అవార్డు ఇచ్చారు, చప్పట్లు కొట్టాం. 2023 ఫిబ్రవరి 2న పోయారు. శంకరాభరణం విడుదలైన తేదీ కూడా ఫిబ్రవరి 2 అని ఎవరో పట్టుకుంటే ఆ రాత్రి ఊరంతా దాన్నే పంచుకుంది. స్టేటస్‌లో కాళ్లకు గజ్జెలు, చేతిలో తంబూర, కింద రెండు దండాలు. "ఇక అలాంటి సినిమాలు రావు" అని ఒక నిట్టూర్పు.

రావా?

వచ్చాయి. మీరు రాలేదు.

2021 అక్టోబర్ 22, శుక్రవారం. 'నాట్యం' విడుదలైంది. కూచిపూడి నర్తకి సంధ్యారాజు నాయిక. నృత్యాలు కూర్చిందీ ఆవిడే, డబ్బు పెట్టిందీ ఆవిడే. రేవంత్ కోరుకొండకు దర్శకుడిగా అదే మొదటి సినిమా. కెమెరా, ఎడిటింగ్ కూడా తనే చేసుకున్నాడు. సంగీతం శ్రవణ్ భరద్వాజ్. తెర మీద భానుప్రియ ఉంది. శుభలేఖ సుధాకర్ ఉన్నాడు. అంటే మీరు ఏ సినిమాలు గుర్తు చేసుకుని కళ్లొత్తుకుంటారో, ఆ సినిమాల మనుషులే. నాట్యం అని ఒక ఊరు, గురువు వద్దన్న కాదంబరి కథనే ఆడి తీరతానని పట్టుబట్టే సితార అనే పిల్ల. పాటా ఆటా తీసేస్తే అందులో కథ మిగలదు. మీరు అడిగిన సరుకే అది!

మాది కృష్ణా జిల్లా. కూచిపూడి ఉన్న జిల్లా. ఎక్కడికెళ్లినా సిద్ధేంద్ర యోగి పేరు చెప్పి ఛాతీ విరుచుకునే జిల్లా. బస్టాండు దగ్గర్నుంచి హాలు దాకా గోడల నిండా దసరా సినిమాల పోస్టర్లే. దీనికి ఒక్కటంటే ఒక్కటి, గేటు పక్కన, సగం ఊడి వేలాడుతోంది.

కౌంటర్లో కుర్రాడు నా డబ్బు తీసుకోలేదు.

"కాసేపు కూర్చోండి మాస్టారూ. పదిమందైతే వేస్తాం."

పదిమందైతే వేస్తారట. కూచిపూడి ఉన్న జిల్లాలో కూచిపూడి సినిమాకు పదిమంది పోగవుతారా లేదా అని నేను బెంచీ మీద కూర్చుని గేటు వైపు చూడాలి. ఎవడైనా స్కూటర్ ఆపితే ప్రాణం లేచొచ్చేది. వాడు ఫోన్ మాట్లాడుకుని వెళ్లిపోయేవాడు. ఎట్టకేలకు కూడాం. రిటైరైన ఒక పెద్దాయన, ఆయన భార్య. డాన్సు క్లాసు నుంచి తిన్నగా మనవరాల్ని లాక్కొచ్చిన ఒక మామ్మగారు. బయట ఎండకు తాళలేక దూరిన ముగ్గురు కుర్రాళ్లు. వెనక వరసలో ఓ జంట. ఆ జంటకు తెర మీద ఏం ఆడినా ఒకటే అనుకోండి, అయినా టికెట్ కొన్నారు. నా లెక్కలో వాళ్లు మీకంటే నయం.

తెర మీద లేపాక్షి గుడి స్తంభాల మధ్య సంధ్యారాజు ఆడుతోంది. ముందు వరసలో మామ్మగారి మనవరాలు కదలకుండా చూస్తోంది. కాలివేళ్లు మాత్రం చెప్పుల్లోంచి బయటికొచ్చి గచ్చు మీద తాళం వేస్తున్నాయి. సౌండ్ సరిపోవడం లేదు. మృదంగం ఎక్కడో పక్కవీధిలో మోగుతున్నట్టుంది. లేచెళ్లి అడిగాను.

"సౌండ్ కొంచెం పెంచు బాబూ."

"ఈ పదిమందికీ ఇది చాల్లెండి మాస్టారూ."

చాలట!

వాడి మీద నాకు కోపం రాలేదు. వాడి జీతం, కరెంటు బిల్లు, ఏసీ వేయాలా వద్దా అన్న లెక్క, అన్నీ కుర్చీలను బట్టే. ఖాళీ కుర్చీలకు సౌండ్ దేనికి? వాడు మాట్లాడింది న్యాయమే. ఆ కుర్చీల్లో ఉండాల్సిన మీరు ఎక్కడున్నారన్నదే నా ప్రశ్న.

"మాకెవరూ చెప్పలేదండీ. పబ్లిసిటీ లేదు కదా."

అలాగా? ఆషాఢం డిస్కౌంట్ ఏ చీరల కొట్టులో ఎంత ఉందో మీకెవరు చెప్పారు? ఎక్కడో బిగ్‌బాస్ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో మీకెవరు చెప్పారు? కావాల్సినది గోడలు దూకైనా తెలుసుకుంటారు. అక్కర్లేని దానికే పబ్లిసిటీ కావాలి.

"టికెట్ రేట్లు మండిపోతున్నాయి."

ఆ ఏడాదా? ఆంధ్రలోనా? 2021 ఏప్రిల్‌లో సర్కారు జీవో ఇచ్చి రేట్లకు పగ్గం వేసింది. ఏసీ లేని పల్లెటూరి హాల్లో కింది తరగతి టికెట్ 5 రూపాయలు. టీ కూడా రాని డబ్బు. హాళ్లవాళ్లు లబోదిబోమన్నారు, మీరు నవ్వుకున్నారు. పోనీ ఆ 5 రూపాయలైనా పెట్టారా?

"కరోనా భయం అండీ."

దసరా సినిమాలకు లేదేం ఆ భయం? అక్టోబర్‌లో మీరు తిన్న పెళ్లి భోజనాలకు లేదేం?

ఇంకో లెక్క చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. 2016 డిసెంబర్‌లో విజయవాడలో 6,000 మందికి పైగా కళాకారులు ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. చిన్నపిల్లలు, పెద్దపిల్లలు, అమెరికా నుంచి విమానమెక్కి వచ్చినవాళ్లు. మనం పేపర్లో ఫోటో చూసి పొంగిపోయాం. వాళ్లకు అమ్మానాన్నలున్నారు కదా? గురువులున్నారు కదా? ఒక్కో ఇంటి నుంచి ముగ్గురు కదిలినా 18,000 టికెట్లు. బయటివాళ్లెవరూ అక్కర్లేదు, నాట్యం నేర్చుకున్న ఇళ్లే కదిలితే చాలు. మా ఊళ్లోనే నాకు తెలిసి మూడు డాన్సు స్కూళ్లున్నాయి. ఆ సాయంత్రం హాల్లో ఒక్క గజ్జెల సంచి కనిపించింది, అదీ ఆ మామ్మగారి పుణ్యాన.

రికార్డు మనదే. ఆట ఎవరిది?

ఏదో ఒక్క సినిమా సంగతైతే ఇంత గొంతు చించుకోను. సినిమాకు ఒక్క మార్నింగ్ షో పడేసి అదీ జనం లేరని ఎత్తేస్తే మీకు పట్టదు, పక్క హాల్లో దసరా సినిమా అంతకంటే ఖాళీగా ఆడుతున్నా అది పెద్ద సినిమా కాబట్టి నాలుగు ఆటలూ ఉంచేస్తే మీకు పట్టదు, ఉన్న ఒక్క పోస్టర్ మీద నగల కొట్టు ఓపెనింగ్‌కి వస్తున్న యాంకరమ్మ మొహం అంటిస్తే పట్టదు, జనం వచ్చినా రాకపోయినా బొమ్మను తెర మీద వేసినందుకు చిన్న నిర్మాత డిజిటల్ ఛార్జీ కట్టి తీరాలంటే పట్టదు, పేపర్లో రివ్యూ రాసినాయన ఆట గురించి ఒక్క ముక్క రాయకుండా కమర్షియల్ హంగులు తగ్గాయని రెండు చుక్కలు పడేసి పోతే పట్టదు, టీవీ పాటల పోటీలో ఎనిమిదేళ్ల పిల్ల నలభై ఏళ్ల నాటి పాట పాడితే జడ్జీలతో కలిసి మీరూ ముక్కు చీదుతారు గానీ ఆ పిల్ల పాడటానికి కొత్త పాట ఎవరు రాస్తున్నారో మీకు పట్టదు, కూతురి రంగప్రవేశానికి పట్టుచీరలకు, లైటింగుకు, భోజనాలకు, వీడియోకు లక్షలు పోసి ఆ మర్నాడే గజ్జెలు అటక ఎక్కించి ఐఐటీ కోచింగ్‌లో పడేస్తే పట్టదు, సభకు వచ్చిన ముఖ్య అతిథి శాలువా కప్పించుకుని 'మన సంస్కృతి' అని పావుగంట దంచి మొదటి కీర్తన మొదలవకముందే కారెక్కితే పట్టదు, డల్లాస్‌లో, న్యూజెర్సీలో తెలుగు సంబరాలకు హీరోయిన్ని రప్పించడానికి చందాలు లేస్తాయి గానీ అదే ఊళ్లో ఇలాంటి సినిమాకు ఒక షో వేయించమంటే 'పార్కింగ్ దూరం' అంటే పట్టదు, ఓటీటీలో వచ్చాక పాట రాగానే వేలు దానంతటదే ముందుకు తోసేస్తుంటే అసలు పట్టదు, చివరికి హాలే మూతపడి ఫంక్షన్ హాలుగా మారి, సరిగ్గా తెర ఉన్నచోటే పెళ్లి స్టేజీ వేసి డీజే పెడితే అక్కడా మీరు ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి 'ఈ హాల్లోనే అప్పట్లో శంకరాభరణం చూశాం' అని పక్కాయనకు మురిసిపోతూ చెబుతారు గానీ, అది ఎందుకు మూతపడిందో మీకు పట్టదు.

ఎందుకు మూతపడిందండీ?

శంకరాభరణం అన్నారు కాబట్టి అదీ మాట్లాడుకుందాం.

1980. ఏడిద నాగేశ్వరరావు నిర్మాత. హీరో ఎవరు? జె.వి. సోమయాజులు, డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం చేసుకునే నడివయసు మనిషి. పక్కన మంజుభార్గవి. ఆ ఇద్దరి మధ్యా ఒక్క డ్యూయెట్ లేదు. సంగీత విద్వాంసుడి కథట, శాస్త్రీయ సంగీతమట, కొనేవాడు ఎవడు? కొనడానికి వెనకాడారు. మొదటి రోజుల్లో హాళ్లు పల్చగానే ఉన్నాయి. ఆ తర్వాతి కథ మీరే చెబుతారు, నేను చెప్పక్కర్లేదు. కేరళలో, కర్ణాటకలో తెలుగు పాటలతోనే ఆడింది. మహదేవన్‌కు, బాలూకు, వాణీ జయరామ్‌కు జాతీయ అవార్డులొచ్చాయి.

ఆ పల్చటి హాలు ఎలా నిండింది? మొదటి వారం వెళ్లిన ఆ కొద్దిమంది ఎవరు?

మీ అమ్మ. మీ నాన్న. మీ మేనత్త. 'బాగుందట' అని ఎవరో చెప్పాక వెళ్లినవాళ్లు కాదు, చెప్పేవాళ్లు ఎవరూ లేనప్పుడు వెళ్లినవాళ్లు. వాళ్లు ఇంటికొచ్చి పక్కింట్లో చెప్పారు. పక్కింటావిడ చెరువు గట్టు మీద చెప్పింది. హాలువాడు కూడా ఆగాడు. ఆగగలిగాడు. మాట ఊరంతా తిరగడానికి వారమో రెండు వారాలో పడుతుందని వాడికి తెలుసు.

ఇప్పుడు ఎవడు ఆగుతాడు? శుక్రవారం మార్నింగ్ షోకు కుర్చీలు లెక్కపెడతారు. శనివారం షోలు తగ్గిస్తారు. ఆదివారం గట్టెక్కకపోతే సోమవారం ఇంకో బొమ్మ. మూడు రోజులు, అంతే. స్టార్ సినిమాకు ఆ మూడు రోజులూ నడవడానికి అభిమానులున్నారు, బెనిఫిట్ షోలున్నాయి, కోట్ల పబ్లిసిటీ ఉంది. ఏమీ లేని సినిమాకు ఏముంది?

మీ నోరు. అదొక్కటే ఉంది.

మరి మీరేమంటున్నారు? "టాక్ బాగుంటే చూద్దాం." వంద మందీ అదే మాట అంటున్నారు. వంద మందీ గట్టు మీద కూర్చుని ఎదుటివాడు దిగితే లోతు చెబుతాడని చూస్తున్నారు. ఎవడూ దిగడు. టాక్ ఎక్కడి నుంచి వస్తుంది మహాప్రభో? ఆకాశం నుంచా? ఎవడో ఒకడు టాక్ లేకుండా వెళ్తేనే కదా టాక్ పుట్టేది! ఆ ఎవడో ఒకడు మీరెందుకు కాకూడదు? సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు కూడా ఒక రౌండు నడిపి చూస్తారే. రెండున్నర గంటల సినిమాకు ముక్కూ మొహం తెలియని వాడి చుక్కలు కావాలా మీకు?

"ఇంతకీ సినిమా అంత బాగుందా?"

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను. లోపాలున్నాయి. ప్రేమ కథ అతికినట్టు లేదు. రెండో సగం సాగింది, కొన్ని మాటలు నాటకంలా ఉన్నాయి. నేను కళాఖండం అనడం లేదు. అనను కూడా. చూసి, బాగోలేదని తిట్టినవాడి కాళ్లకు దండం పెడతాను. వాడు పెద్దమనిషి, టికెట్ కొన్నాడు, మూడు గంటలు ఇచ్చాడు, తిట్టే హక్కు సంపాదించుకున్నాడు. చూడకుండా 'అంత బాగోలేదట' అనేవాడి మాటేంటి? ఆ 'ట' ఎక్కడిది? మరి హీరో వందమందిని గాల్లోకి ఎగరేసే సినిమాలో కథ ఉందా అని ఎప్పుడైనా అడిగారా? దానికి రెండోసారి కూడా వెళ్లారు కదా, పిల్లల్ని తీసుకుని?

పాటా ఆటా ఉన్న సినిమా అనగానే అది మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా సాగరసంగమం అయి తీరాలి. కాకపోతే ఉరి. మిగతా సినిమాలకు మాత్రం ఇంటర్వెల్ ఫైట్ బాగుంటే పాస్ మార్కులు. ఎక్కడి న్యాయం ఇది?

తప్పులు చేస్తూనే కదా ఎవరైనా నేర్చుకునేది? విశ్వనాథ్ గారు మాత్రం మొదటి సినిమాతోనే శంకరాభరణం తీశారా? 1965 నుంచి తీసుకుంటూ వచ్చారు. పదిహేనేళ్లు మనవాళ్లు ఆయన సినిమాలు చూస్తూ, కొన్ని నెత్తిన పెట్టుకుంటూ, కొన్ని పక్కన పెడుతూ ఆయన్ని నిలబెట్టారు. ఈ కుర్రాళ్లకు మీరెన్నేళ్లు ఇచ్చారు? మూడు రోజులు. దాంట్లో రెండు రోజులు వర్షం.

ఆయనకే ఇవ్వలేదు, వీళ్లకేం ఇస్తారు! 2004లో స్వరాభిషేకం తీశారాయన. ఆ పాటలకు విద్యాసాగర్‌కు జాతీయ అవార్డు వచ్చింది. తమిళ సినిమాలకు లెక్కలేనన్ని పాటలు చేసిన మన తెలుగువాడికి, తెలుగు సినిమాకే వచ్చింది. మీలో ఎంతమంది దాన్ని హాల్లో చూశారు? చేతులెత్తండి.

దించేయండి, అర్థమైంది.

నాట్యం మా ఊళ్లో వారం నిండలేదు. మరుసటి ఏడు, 2022 జూలై 22న, 68వ జాతీయ సినిమా అవార్డులు ప్రకటించారు. నాట్యానికి రెండు. ఉత్తమ నృత్య దర్శకత్వం సంధ్యారాజుకు, ఉత్తమ మేకప్ టి.వి. రాంబాబుకు. ఎంత చిత్రమో చూడండి, ఆ సాయంత్రానికల్లా ఊళ్లో అందరూ ఆ సినిమా అభిమానులే! 'తెలుగు జాతికి గర్వకారణం', 'కూచిపూడికి పట్టాభిషేకం', గ్రూపుల్లో పూలగుత్తులు, చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు. ఢిల్లీ వాళ్లు చూసి చెబితే గానీ మన జిల్లా ఆట మనకు బాగుందని తెలియలేదు.

మా వీధి చివర ఉంటారు ఒక పెద్దమనిషి. త్యాగరాజ ఆరాధనకు ఏటా పెద్ద మొత్తం రాస్తారు. ఇద్దరు మనవరాళ్లకు కూచిపూడి నేర్పిస్తున్నారు. అవార్డుల మర్నాడు పొద్దున్నే నన్ను ఆపారు.

"ఏవండీ మాస్టారూ, నాట్యం అట, మనవాళ్ల సినిమాకు రెండు నేషనల్ అవార్డులు! మన ఊరికి రాలేదే అసలు?"

"వచ్చిందండీ."

"ఎప్పుడు? మరి ఒక్కరూ చెప్పరే!"

నేను చెప్పాను. విడుదలైన రోజు రాత్రి, హాలు నుంచి తిన్నగా వాళ్లింటికే వెళ్లి, గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా చెప్పాను. లేపాక్షి పాట గురించి చెప్పాను. పిల్లల్ని తీసుకెళ్లండి, ఎక్కువ రోజులు ఉంచరు అని చెప్పాను. ఆయన టీవీ సౌండ్ కాస్త తగ్గించి విన్నారు కూడా.

"చూద్దాం మాస్టారూ, టాక్ ఎలా ఉంటుందో" అన్నారు.